అన్నపూర్ణ బేస్ క్యాంపు, దసరా సెలవుల్లో: తొమ్మిది రోజులు సరిపోతాయా?

పటమట నడక (విజయవాడ), జూన్ 14

సభ్యులందరికీ నమస్కారం. ఈ వేదికను రెండేళ్లుగా చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదటిసారి. వచ్చే దసరా సెలవుల్లో నేను, మా బావమరిది, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కలిసి నేపాల్‌లోని అన్నపూర్ణ బేస్ క్యాంపుకు నడిచి వెళ్లాలని అనుకుంటున్నాము. నాకు 47 ఏళ్లు, బ్యాంకు ఉద్యోగం. బీపీ, షుగరు లేవు, పొట్ట మాత్రం ఉంది. బావమరిదికి 41, రోజూ పొద్దున్నే షటిల్ ఆడతాడు, ఆదివారాలు ప్రకాశం బ్యారేజీ మీద పరుగెత్తుతాడు, కాబట్టి మా ముగ్గురిలో అతని గురించి నాకు బెంగ లేదు. అమ్మాయి ఎన్‌సీసీ శిబిరాలకు వెళ్లి వచ్చింది.

మాకు దొరికేవి తొమ్మిది రోజులు. గన్నవరంలో విమానం ఎక్కి తిరిగి గన్నవరంలో దిగేదాకా అంతా అందులోనే ముగియాలి. ఒక ట్రావెల్స్ వారు పంపిన ప్రణాళిక ప్రకారం మొదటి రోజు ఢిల్లీ మీదుగా ఖాట్మండూ, రెండో రోజు దారిలో త్రిశూలి నదిలో రాఫ్టింగ్ చేసి రాత్రికి పొఖరా, మూడో రోజు ఛోమ్రోంగ్, నాలుగో రోజు దోవాన్, ఐదో రోజు దేవురాలి, ఆరో రోజు బేస్ క్యాంపు, ఏడో రోజు బాంబూ, ఎనిమిదో రోజు పొఖరా, తొమ్మిదో రోజు ఉదయం పారాగ్లైడింగ్ చేసి సాయంత్రానికి ఇల్లు. కాగితం మీద చక్కగానే ఉంది. అనుభవం ఉన్నవారు ఒకసారి చూసి చెప్పగలరు.

బ్రాడీపేట 4వ లైన్ (గుంటూరు), జూన్ 14

పటమట వారికి స్వాగతం. ఈ దారిలో నేను రెండుసార్లు నడిచాను. మొదటిసారి పైదాకా చేరలేదు, రెండోసారి చేరాను. ఆ రెండింటి మధ్య తేడా నా కాళ్లలో లేదు, ప్రణాళికలో ఉంది. అందుకే మీరు పంపినదాన్ని కాస్త నిలదీసి చూడాలనిపిస్తోంది.

ఎత్తులు పక్కపక్కన రాసుకోండి. పొఖరా సుమారు 820 మీటర్లు, ఛోమ్రోంగ్ 2,170, దోవాన్ 2,600, దేవురాలి 3,230, మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంపు 3,700, అన్నపూర్ణ బేస్ క్యాంపు 4,130. మీ ఆరో రోజున దేవురాలిలో నిద్ర లేచి, మధ్యలో ఉన్న మచ్ఛపుచ్ఛ్రేను దాటేసి, 900 మీటర్లు పైకి పోయి అక్కడ పడుకోబోతున్నారు. మూడు వేల మీటర్లు దాటిన తర్వాత పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దనేది కొండల్లో తిరిగేవారందరికీ తెలిసిన నియమం. పగలు ఎంత ఎత్తు ఎక్కి దిగినా ఫరవాలేదు గాని, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే లెక్క. మనమేమో సముద్రమట్టానికి నలభై మీటర్ల ఎత్తు కూడా లేని ఊళ్ల నుంచి బయలుదేరుతున్నాము.

ఇక రెండో లోపం. మీ తొమ్మిది రోజుల్లో ఖాళీ రోజు ఒక్కటీ లేదు. ఢిల్లీలో విమానం ఆలస్యమైనా, కొండచరియ పడి పృథ్వీ రాజమార్గం ఆగినా, ఒకరికి కడుపు చెడినా, ఆ లోటును పూడ్చుకోవడానికి మీ దగ్గర మిగిలేది ఎక్కే రోజులే. నా మొదటి ప్రయాణం అలాగే చెడింది. ఖాట్మండూ నుంచి పొఖరా 200 కిలోమీటర్లే అయినా ఆ రోజు మాకు పన్నెండు గంటలు పట్టింది. పోయిన పూటను తిరిగి రాబట్టుకోవాలని ఒక మజిలీ ఎగరగొట్టి, దేవురాలిలో రాత్రంతా తల పట్టుకుని కూర్చున్నాను.

సింగ్‌నగర్ సైకిల్ (విజయవాడ), జూన్ 15

బ్రాడీపేట వారి మాటను కాదనడం లేదు గాని, ఇంత భయపెట్టవలసిన పని లేదని నా అభిప్రాయం. మేము నలుగురం 2019లో సరిగ్గా ఇదే ప్రణాళికతో వెళ్లి, దేవురాలి నుంచి ఒకే రోజులో పైకి చేరి, మర్నాడు సూర్యోదయం చూసి దిగివచ్చాము. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ దారిలో కనిపించే బృందాల్లో చాలా మంది అలాగే వెళ్తారు. ఉద్యోగస్తులకు పన్నెండు రోజుల సెలవు ఎవరిస్తారు?

ఆ ప్రయాణంలో కొన్న బూట్లు, రక్‌సాక్ 2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు మూడు రోజులు నీళ్లలో నానిపోయాయి. బూట్ల అడుగు పట్టీ ఊడిపోయింది, రక్‌సాక్ ఇప్పటికీ బురద వాసన కొడుతుంది. లేకపోతే పటమట వారికి అరువిచ్చి ఉండేవాడిని.

మందుల చీటీ (విజయవాడ), జూన్ 15

నేను వైద్యుడిని, పర్వత వైద్యం నా ప్రత్యేక విభాగం కాదు గాని, ట్రెక్కింగ్‌కు వెళ్లేవారు సలహా కోసం వస్తూ ఉంటారు కాబట్టి కొంత చదివాను, కొంత స్వయంగా పడ్డాను.

సింగ్‌నగర్ వారి బృందానికి ఏమీ కాకపోవడం నిజమే. ఆల్టిట్యూడ్ సిక్‌నెస్, అంటే ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత, ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. వయసు, కండబలం, షటిల్ ఆడటం వంటివి దాన్ని ఆపలేవు; పైగా బలం ఉన్నవారు వేగంగా ఎక్కుతారు గనుక వారికే ముందు తగులుకోవడం తరచుగా చూస్తాము. 4,130 మీటర్ల దగ్గర గాలి పీడనం మన ఊళ్లో ఉండేదానిలో సుమారు అరవై శాతమే. ఆ లోటుకు శరీరం సర్దుకోవాలంటే ఊపిరి తీసే వేగం పెరగాలి, మూత్రపిండాలు రక్తంలోని ఆమ్ల, క్షారాల పాళ్లను సరిచేయాలి. ఈ పనికి రోజులు పడుతుంది, పట్టుదలతో గంటల్లో జరిగేది కాదు.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, విపరీతమైన నీరసం, తల తిరగడం వీటిలో ఏదైనా ఉంటే, వేరే కారణం రుజువయ్యేదాకా అది ఎత్తు వల్లనే అనుకోండి. అప్పుడు ఇంకా పైకి పోవద్దు. తగ్గకపోతే, లేక పెరుగుతూ ఉంటే, దిగిపోవలసిందే. మూడు వందల నుంచి వెయ్యి మీటర్ల వరకు దిగితే చాలా మందికి తేడా తెలుస్తుంది. విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని, మాట తడబడినా, అడుగు తూలినా మెదడు వాస్తోందేమోనని అనుమానించాలి. ఈ రెండూ ప్రాణాల మీదికి తెచ్చేవే. నేల మీద ఒక గీత గీసి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించుకుంటూ పది అడుగులు వేయమనండి. తూలితే, రాత్రయినా సరే, తోడుతో దించండి.

అసిటజోలమైడ్ అనే మాత్ర ముందు జాగ్రత్తగా పనికొస్తుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి వాడతారు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, సోడా తాగితే చప్పగా ఉంటుంది. వీటికి కంగారు పడవద్దు. సల్ఫా మందులు పడనివారు, కిడ్నీ సమస్య ఉన్నవారు మీ వైద్యుడిని అడగకుండా దాని జోలికి పోవద్దు. నిద్రమాత్రలు, మద్యం ఊపిరిని మందగింపజేస్తాయి కాబట్టి పైన అవి వద్దే వద్దు. మాత్ర వేసుకున్నాము గదా అని 900 మీటర్లు ఎగబాకడం మాత్రం, హెల్మెట్ పెట్టుకున్నాము గదా అని బెంజి సర్కిల్‌లో ఎదురు దారిన పోవడం లాంటిది.

కొండవీటి దారి (గుంటూరు), జూన్ 16

రోజుల సంగతి అందరూ చెప్పారు, నేను నెల సంగతి చెబుతాను. అక్టోబరు, నవంబరు నెలలు నేపాల్ నడకలకు పేరున్న కాలమే; వానలు వెనుదిరిగి ఆకాశం కడిగినట్టు ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు జలగలు, కొండచరియలు. 2024 జులై 12న నారాయణగఢ్, ముగ్లింగ్ దారిలో కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. ఆ కాలంలో అక్కడ బస్సు ప్రయాణమే ఒక సాహసం.

అయితే అక్టోబరు మన తీరానికి తుపానుల నెల అన్న సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు లేక, పాలు లేక విశాఖ ఎన్ని రోజులు అల్లాడిందో మనకు గుర్తుంది. ఆ తుపాను బలహీనపడి ఉత్తరానికి పోయి, రెండు రోజుల తర్వాత, 14న, అన్నపూర్ణ, ధౌలగిరి ప్రాంతాల మీద మంచు తుపానుగా విరుచుకుపడిన సంగతి మాత్రం మనలో చాలా మందికి తెలియదు. 5,416 మీటర్ల తొరోంగ్ లా కనుమ పరిసరాల్లో, ఇతర చోట్ల కలిపి నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో విదేశీ యాత్రికులు, వారి సామాను మోసే నేపాలీలు, గొడ్లను మేపుకునేవారు ఉన్నారు.

మీరు వెళ్లేది తొరోంగ్ లా కాదు, దానికంటే బాగా తక్కువ ఎత్తు. అయినా దేవురాలికి, మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంపుకు మధ్య ఉన్న ఇరుకు లోయలో పైనుంచి మంచుచరియలు జారే చోట్లు ఉన్నాయి. 2020 జనవరిలో దేవురాలి దగ్గర మంచుచరియ కింద కొరియా యాత్రికులు, నేపాలీ గైడ్లు చనిపోయారు. కొత్తగా మంచు కురిస్తే అది గట్టిపడేదాకా ఒకటి రెండు రోజులు ఆగాలి. ఆగడానికి రోజు లేని ప్రణాళికతో వెళ్లినవారు ఆగరు. ప్రయాణానికి వారం ముందు నుంచి బంగాళాఖాతం వాతావరణ సూచన చూస్తూ ఉండండి. మచిలీపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారంటే పొఖరాలో ఉన్న మీకూ అది వార్తే.

పటమట నడక (విజయవాడ), జూన్ 18

అందరికీ ధన్యవాదాలు. మందుల చీటీ గారి జవాబు మా బావమరిదికి చదివి వినిపించాను. షటిల్ ప్రస్తావన దగ్గర నవ్వి ఊరుకున్నాడు. మా మేనేజరుతో మాట్లాడి పన్నెండు రోజులు ఖాయం చేసుకున్నాను. రాఫ్టింగ్‌ను వెళ్లేటప్పుడు కాకుండా చివరికి జరిపాము. రోజు మిగిలితేనే అది. పైకి వెళ్లేటప్పుడు మచ్ఛపుచ్ఛ్రే దగ్గర ఒక రాత్రి కలిపాము, అదనంగా ఒక రోజు ఎక్కడా రాయకుండా వదిలేశాము. ట్రావెల్స్ వారు ఈ ఖాళీ రోజు చూసి, ‘సార్, ఆ రోజు ఏం చేస్తారు?’ అని రెండుసార్లు అడిగారు.

ఇప్పుడు నా ప్రశ్నలు: మా అమ్మాయికి పాస్‌పోర్టు లేదు, ఆధార్ చాలునా? డబ్బు ఎలా తీసుకువెళ్లాలి? ఈ ఎండల్లో నడక సాధన ఎక్కడ చేయాలి?

తెనాలి జంక్షన్ (తెనాలి), జూన్ 19

మొదటి రెండు ప్రశ్నలకు నేను చెబుతాను. భారతీయులకు నేపాల్ వీసా అక్కర్లేదు. కానీ విమానంలో వెళ్లేవారి దగ్గర పాస్‌పోర్టు గాని, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గాని ఉండాలి. పదిహేనేళ్లు దాటి అరవై అయిదు లోపు వయసున్నవారికి ఆధార్ చెల్లదు. అది చూపి విమానాశ్రయంలో నిలబడిపోయినవారిని చూశాను. మీ అమ్మాయికి పద్దెనిమిది దాటి ఉంటాయి కాబట్టి ఓటరుగా నమోదు చేయించండి, లేదా ఇప్పుడే పాస్‌పోర్టుకు పెట్టండి. అక్టోబరుకు వ్యవధి ఉంది.

మన వంద రూపాయలకు నేపాల్‌లో నూట అరవై రూపాయలు. ఈ మారకం స్థిరంగా ఉంటుంది, బేరం లేదు. వంద రూపాయల నోట్లు ఇబ్బంది లేకుండా చెల్లుతాయి. పెద్ద నోట్ల నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి బయలుదేరే ముందు మీ బ్యాంకులోనే కనుక్కోండి, మీరు కౌంటరుకు లోపలి వైపే ఉన్నారు గదా. పొఖరాలో ఏటీఎంలు ఉన్నాయి, పైన లేవు. నడక మొదలయ్యే ముందే మొత్తం నేపాలీ నగదు దగ్గర పెట్టుకోవాలి. గడియారం మన కంటే పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోండి.

విమానమే అక్కర్లేదనుకునే సభ్యుల కోసం ఒక మాట. విజయవాడ మీదుగా పోయే రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గోరఖ్‌పూర్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి బస్సులో దాదాపు వంద కిలోమీటర్లు పోతే సునౌలీ సరిహద్దు. నడిచి దాటి, భైరహవాలో పొఖరా బస్సు పట్టుకోవచ్చు. భైరహవాకు దగ్గరలోనే లుంబిని. అమరావతి స్తూపం పక్కన పుట్టి పెరిగి, అంత దూరం పోయి, బుద్ధుడు పుట్టిన చోటు చూడకుండా రావడానికి నాకు మనసొప్పలేదు. రైలు దారికి రానూ పోనూ నాలుగైదు రోజులు అదనం.

బ్రాడీపేట 4వ లైన్ (గుంటూరు), జూన్ 20

సాధన విషయం. ఈ నడకలో కష్టమంతా మెట్లది. అన్నపూర్ణ ప్రాంతపు గ్రామాల వారు కొండవాలును రాతి పలకలతో మెట్లుగా కట్టారు. ఛోమ్రోంగ్ ఊరి మధ్య నుంచి ఏటి దాకా దిగి, వంతెన దాటి, మళ్లీ సినువాకు ఎక్కాలి. పోయేటప్పుడు హాయిగా దిగిన ఆ మెట్లనే చివరి రోజుల్లో, మోకాళ్లు పట్టేసి ఉన్నప్పుడు, ఎక్కవలసి వస్తుంది. కాబట్టి మైదానంలో పది కిలోమీటర్లు నడవడం కంటే మంగళగిరిలో పానకాలస్వామి మెట్లు వారానికి మూడుసార్లు ఎక్కి దిగడం మేలు. ఎండ రాకముందే, ఉదయం ఐదింటికి మొదలుపెట్టండి. నెల తర్వాత వీపున ఎనిమిది కిలోల సంచితో ఎక్కండి. మా బృందం బియ్యం ప్యాకెట్లు పెట్టుకునేది. దిగేటప్పుడు మోకాలు నిటారుగా బిగించకుండా, కాస్త వంచి అడుగు వేయడం అలవాటు చేసుకోండి. ఆదివారాలు కొండపల్లి కోట గాని, కొండవీడు గాని. బూట్లు ఇప్పుడే కొని ఆ మెట్ల మీదే అరగదీయండి. పొఖరాలో కొత్త బూట్లు వేసుకున్నవారి మడమలు రెండో రోజుకే బొబ్బలెక్కుతాయి.

గైడు గురించి: 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీయులు లైసెన్సు ఉన్న గైడు లేకుండా ట్రెక్కింగ్ చేయరాదని నేపాల్‌లో నిబంధన వచ్చింది. నిబంధన లేకపోయినా గైడును పెట్టుకోమనే చెబుతాను. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం ప్రవేశ రుసుము భారత్ వంటి సార్క్ దేశాల వారికి వెయ్యి నేపాలీ రూపాయలు, అంటే మన 625.

పోర్టర్ విషయంలో నాకొక చేదు అనుభవం ఉంది. మొదటిసారి మేము ముగ్గురం ఇద్దరు పోర్టర్లకు డబ్బు కట్టాము. నడక మొదలయ్యే చోట ఒక్కడే వచ్చాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవు. మా మూడు సంచులనూ ఒకదాని మీద ఒకటి తాడుతో కట్టి, ఆ తాడు పట్టీని నుదుటికి తగిలించుకుని లేచాడు. రెండో వాడేడని అడిగితే ‘రేపు వస్తాడు’ అన్నారు, రాలేదు. మేము తగువు పెట్టుకోకుండా నడిచాము. ఆ పిల్లవాడి కాళ్లకు గుడ్డ బూట్లు. ఈసారి మీరు డబ్బు కట్టేటప్పుడే ఒక్కొక్కరి మీద ఎన్ని కిలోలు, అతనికి బీమా ఉందా, పైన చలికి కోటు ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఇద్దరు యాత్రికులకు ఒక పోర్టర్, తలకు పది కిలోల సామాను అనేది మర్యాదైన లెక్క.

లక్ష్మీపురం (గుంటూరు), జూన్ 21

అమ్మాయిని తీసుకువెళ్తున్నారు కాబట్టి నేను రాస్తున్నాను. మేము నలుగురు ఆడవాళ్లం, అందరం నలభై దాటినవారమే, 2022 నవంబరులో వెళ్లి వచ్చాము. దారి పొడవునా టీ హౌసులు ఉంటాయి. ప్లైవుడ్ గోడల గదిలో రెండు మంచాలు, ఒక మందపాటి రజాయి. గది అద్దె తక్కువ తీసుకుంటారు, కానీ భోజనం అక్కడే చేయాలన్నది ఒప్పందం. ఎత్తు పెరిగిన కొద్దీ ధర పెరుగుతుంది, ఎందుకంటే ప్రతి ఉల్లిపాయా, ప్రతి గ్యాస్ బండా ఒకరి వీపు మీదో, గాడిద వీపు మీదో పైకి వచ్చినదే. వేడినీళ్ల స్నానానికి, ఫోను ఛార్జింగుకు విడిగా ఇవ్వాలి. మరుగుదొడ్లు బయట ఉంటాయి. రాత్రి లేవడానికి తలకు కట్టుకునే దీపం తప్పనిసరి. నెలసరి సామగ్రి మొత్తం ఇక్కడి నుంచే తీసుకువెళ్లాలి, వాడినవి మూటకట్టి కిందికి తెచ్చుకోవాలి.

తిండికి దాల్ భాత్‌ను మించింది లేదు. అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. పిజ్జా అడిగినవాడికి ఒక్కటే వస్తుంది. మేము కందిపొడి, గోంగూర పచ్చడి తీసుకువెళ్లాము. హిమాలయ అనే మజిలీలో వంట చేసే అక్క మా గోంగూర రుచి చూసి, కళ్లలో నీళ్లు తిరిగినా ‘ఇంకొంచెం’ అని చెయ్యి చాపింది. గుంటూరు కారం అక్కడ కూడా పరువు నిలిపింది. ఛోమ్రోంగ్ దాటాక పైలోయను పవిత్రంగా చూస్తారు, మాంసం వండరు. దసరా రోజుల్లో మీకు అది ఇబ్బంది కాదనుకుంటాను.

గాడిదల గుంపు గురించి ఎవరూ చెప్పలేదు. మెడలో గంటల చప్పుడు వినగానే కొండ వైపుకు, అంటే గోడ వైపుకు ఒరిగి నిలబడాలి. లోయ అంచున నిలబడితే వాటి మూటలు తగిలి పడిపోతాము. అవి మన కోసం ఆగవు.

గాంధీనగర్ (విజయవాడ), జూన్ 23

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మా నాన్నగారికి 68, అమ్మకు 64. ముక్తినాథ్ వెళ్లాలని వారి చిరకాల కోరిక. జీపు నేరుగా గుడి దగ్గరిదాకా పోతుందట గదా, నడక లేదు కాబట్టి ఈ ఎత్తు గొడవ వారికి వర్తించదనుకోవచ్చునా?

కొండవీటి దారి (గుంటూరు), జూన్ 23

నిజానికి వారికే ఎక్కువ వర్తిస్తుంది. నడిచేవాడికి కాళ్ల నొప్పులే బ్రేకు. జీపుకు ఆ బ్రేకు లేదు. పొఖరాలో ఉదయం 820 మీటర్ల దగ్గర టిఫిను చేసి, సాయంత్రానికి మూడువేల ఏడు వందల మీటర్లకు పైన ఉన్న ముక్తినాథ్‌లో పడుకుంటే, రెండు రోజుల్లో కాదు, ఒక్క రోజులో మూడు వేల మీటర్ల దాకా ఎక్కినట్టు. రెండు రాత్రులు జోమ్‌సోమ్‌లోనో, కాగ్‌బేనిలోనో, అంటే 2,700, 2,800 మీటర్ల దగ్గర ఉంచండి. కాగ్‌బేనిలో కాళీగండకి ఒడ్డున పితృకార్యం చేస్తారు, సాలగ్రామాలు దొరికే నది అదే. పెద్దవారికి అక్కడ రెండు రోజులు ఊరికే గడిచినట్టు అనిపించదు. మర్నాడు ఉదయం పైకి వెళ్లి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి దిగివచ్చి కిందనే పడుకోనివ్వండి. 108 ధారల కింద తలస్నానం చేయాలన్న పట్టుదల ఉంటే వైద్యుడిని అడిగి చేయించండి. ఆ నీరు మంచు నీరు. మీ అమ్మగారికి 65 దాటలేదు కాబట్టి ఓటరు కార్డు మరవవద్దు.

నిర్వాహకుడు, జూన్ 23

ముక్తినాథ్ యాత్రకు విడిగా ఒక చర్చ తెరిచాను. ఇక్కడ నడక గురించే కొనసాగించగలరు.

పటమట నడక (విజయవాడ), నవంబరు 2

క్షేమంగా తిరిగి వచ్చాము. జరిగినది జరిగినట్టు రాస్తాను.

వెళ్లేటప్పుడు ఢిల్లీలో అయిదు గంటలు ఆలస్యం. పాత ప్రణాళిక అయితే ఆ రోజే చెడిపోయి ఉండేది. పొఖరాలో ఒక పూట ఫేవా చెరువు గట్టున కూర్చున్నాము; మబ్బు విడిచినప్పుడు మచ్ఛపుచ్ఛ్రే కనిపించింది. అది 6,993 మీటర్ల శిఖరమట. 1957లో ఒక బృందం కొసకు కొద్ది దూరంలో ఆగి వెనుదిరిగిందని, ఆ తర్వాత దాన్ని ఎక్కడానికి అనుమతే ఇవ్వడం లేదని మా గైడు చెప్పాడు. అంత దూరం పోయి ఎందుకు ఆగారని మా బావమరిది అడిగాడు. కొసన అడుగు పెట్టబోమని ముందే మాటిచ్చారట.

దేవురాలి వరకు మా బావమరిదే ముందు. ప్రతి మలుపు దగ్గరా మా కోసం కూర్చుని టీ తాగేవాడు. నేను నలభై అడుగులు వేసి ఆగడం, మళ్లీ నలభై వేయడం. మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంపుకు అతను మాకంటే గంట ముందు చేరాడు. మేము చేరేసరికి బల్ల మీద తల పెట్టుకుని ఉన్నాడు. దారిలో టోపీ లేకపోవడం వల్ల ఎండదెబ్బ అన్నాడు. మూడింటికి సూపు తాగి వాంతి చేసుకున్నాడు. మా అమ్మాయి ఫోనులో ఈ చర్చను భద్రపరచుకుంది. పైన సిగ్నల్ ఉండదని ముందే తీసిపెట్టుకుందట. మందుల చీటీ గారి జవాబు తీసి, టీ హౌసు ముందున్న రాతి పలకల సందును గీతగా చూపించి, ‘మామయ్యా, దీని మీద నడువు’ అంది. తూలలేదు, పది అడుగులూ సరిగానే వేశాడు. కాని తలనొప్పి మాత్రం పెరుగుతూనే ఉంది. పైకి వెళ్లే ప్రశ్న లేదని గైడు తేల్చేశాడు. మంచు కురవలేదు, ఆకాశం తేటగా ఉంది కాబట్టి వెలుతురు ఉండగానే దించేద్దామన్నాడు. అతనూ, బావమరిదీ నాలుగింటికల్లా బయలుదేరి ఆరు లోపు దేవురాలి చేరారు. ఆ రాత్రి మాకు నిద్ర లేదు.

ఉదయం ఏడింటికి గైడు ఒక్కడే నవ్వుతూ పైకి వచ్చాడు. రాత్రి ఎనిమిదికే తలనొప్పి తగ్గిందని, దాల్ భాత్ రెండోసారి వడ్డించుకున్నాడని చెప్పాడు. మేము ఆ రోజంతా అక్కడే ఆగి, మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు దీపాలు కట్టుకుని నేను, అమ్మాయి, గైడు బేస్ క్యాంపుకు నడిచాము. రెండు గంటల పైన పట్టింది. గడ్డి మీద మంచు గాజుపొడిలా పేరుకుని, అడుగు వేస్తే కరకరమంది. 8,091 మీటర్ల అన్నపూర్ణ కొసకు మొదట ఎండ తగిలి, రంగు మెల్లగా కిందికి జారింది. 1950 జూన్ 3న ఫ్రాన్సు వారు ఇద్దరు ఎక్కినది ఉత్తరం వైపు నుంచి. మనకు కనిపించేది దక్షిణపు గోడ. 1997లో ఇదే కొండ మీద మరణించిన పర్వతారోహకుడు అనతోలి బుక్రేవ్ స్మారకం దగ్గర రంగు జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. మా అమ్మాయి అక్కడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘మామయ్యకు ఫోటోలు ఎక్కువ చూపించవద్దు నాన్నా’ అంది.

బావమరిది ఇప్పటికీ అది సూపు వల్లనే అంటున్నాడు. ఝీను వేడినీటి గుండంలో మోకాళ్లు నానబెట్టుకుంటూ కూడా అదే మాట. కాకపోతే పారాగ్లైడింగ్ మాత్రం మా ముగ్గురిలో అతను ఒక్కడే చేశాడు. మొదటి రోజు గాలి సరిగా లేదని ఎగిరే చోటి నుంచి వెనక్కి పంపారు, రెండో రోజు ఎగిరాడు. రాఫ్టింగ్‌కు రోజు మిగలలేదు.

సింగ్‌నగర్ సైకిల్ (విజయవాడ), నవంబరు 2

మీరు క్షేమంగా వచ్చినందుకు సంతోషం. 2019లో మాలో ఒకరికి పైన రాత్రంతా వాంతులయ్యాయని, అప్పట్లో దాన్ని నూడుల్స్ మీదికి నెట్టామని ఇప్పుడు గుర్తుకు వస్తోంది. ‘ఎవరికీ ఏమీ కాలేదు’ అన్న నా జూన్ మాటను ఆ మేరకు సవరించుకుంటున్నాను.

మందుల చీటీ (విజయవాడ), నవంబరు 3

మీ గైడును మెచ్చుకోవాలి. ఒక చిన్న సూచన: మీ బావమరిది మళ్లీ ఎత్తుకు వెళ్తే ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావడానికి అవకాశం ఎక్కువ గనుక, ఈసారి మాత్ర సంగతి ముందే మాట్లాడుకుందాం. సూపును నిందించడం మానమనండి.

పటమట నడక (విజయవాడ), నవంబరు 3

చెబుతాను, వింటాడని హామీ ఇవ్వలేను. మా దగ్గర మైనస్ పది డిగ్రీలకు పనికొచ్చే స్లీపింగ్ బ్యాగులు మూడు, చేతికర్రలు రెండు జతలు ఉన్నాయి. డాబా మీద రెండు రోజులు ఆరబెట్టాను. ఎవరికైనా కావాలంటే పటమట రైతు బజారు దగ్గరికి వచ్చి తీసుకువెళ్లవచ్చు, అద్దె అక్కర్లేదు.

సింగ్‌నగర్ సైకిల్ (విజయవాడ), నవంబరు 3

సంక్రాంతి తర్వాత ఉత్తరాఖండ్ వెళ్తున్నాము. రెండు బ్యాగులు, ఒక జత కర్రలు నా పేరు మీద రాయండి. ఆదివారం ఉదయం వస్తాను.